రెండు బడులు, ఒక నర్సు

పుస్తకాల ప్రూఫులు దిద్దుకుంటూ ఏళ్లకేళ్లు గడిపేసిన హెన్రియెటా సోల్డ్‌కు చేయాల్సిన పని యాఫా వీధిలో కనిపించింది. ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు ఆమెకు తీరిక లేదు.

1909 చివరి రోజులు. పాలస్తీనా అప్పటికింకా ఒట్టోమన్ తుర్కుల ఏలుబడిలోనే ఉంది. యాఫా రేవుపట్నంలో ఒక ఆడపిల్లల బడి చూడటానికి ఇద్దరు అమెరికన్ స్త్రీలు వచ్చారు. ముందు వాళ్ల కంటపడినవి ఈగలు. పిల్లల కళ్ల నిండా పుసి, దాని మీద ముసిరిన ఈగలు. జబ్బు పేరు ట్రకోమా. కనురెప్పల లోపలి పొర గరుకెక్కుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రెప్ప లోపలికి మడతపడి, వెంట్రుకలు నల్లగుడ్డును గీరి గీరి చివరికి చూపు పోతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ముఖం శుభ్రంగా కడిగి, వేళకు మందు వేస్తే చాలావరకు ఆగుతుంది.

దగ్గర్లోనే మగపిల్లల బడి ఉంది. అక్కడ ఆ జబ్బు ఉన్న పిల్లలు దాదాపు లేరు. ఊరు అదే, నీళ్లు అవే, ఈగలూ అవే. ఎందుకిలా అని ఆరా తీస్తే విషయం తేలింది. మగపిల్లల బడికి డాక్టరు వచ్చిపోతుంటాడు. రోజూ ఒక నర్సు వచ్చి పిల్లల కళ్లు చూస్తుంది. ఆడపిల్లల బడికి ఆ ఏర్పాటు లేదు. అంతే తేడా.

వచ్చిన ఇద్దరిలో చిన్నావిడ హెన్రియెటా సోల్డ్, వయసు నలభై ఎనిమిది. పెద్దావిడ ఆమె తల్లి సోఫీ. న్యూయార్క్‌లో మీ ఆడవాళ్లంతా కూడి పుస్తకాలు చదువుకుంటుంటారే, ఆ బృందం చేయాల్సిన పని ఇదిగో ఇక్కడుంది అని తల్లి కూతురితో అన్నదట. ఆ మాట పట్టుకుని పుట్టిన సంస్థ పేరు హదాసా. అమెరికాలోని అతిపెద్ద యూదు మహిళా సంస్థల్లో ఒకటి. ఇజ్రాయెల్ యుద్ధవార్తల్లో తరచూ వినబడే జెరూసలేం హదాసా ఆసుపత్రులు ఆ సంస్థ కట్టినవే.

‘నా బతుకు దేనికోసం?’ అన్న ప్రశ్న సేవాసంస్థలు నడిపేవాళ్లను మిగతావాళ్లకంటే ఎక్కువ వేధిస్తుంది. జీతం కోసం చేసే పనిలో ఆ ప్రశ్నను పక్కనపెట్టి బండి లాగించవచ్చు. విరాళాల మీద బతికే సంస్థలో అలా కుదరదు. దాత అడుగుతాడు, ఉద్యోగి అడుగుతాడు, అర్ధరాత్రి మెలకువ వస్తే మనసూ అడుగుతుంది. యూదు సమాజంలో దీనికి మరో బరువు కూడా తోడవుతుంది. అక్కడ ఇచ్చినవాడు మెహర్బానీ చేసినట్టు కాదు, ఇవ్వడం అతని విధి. విధి అన్నాక, ఎవరికి, ఎంత, ఏ పద్ధతిలో అన్న లెక్కలు తప్పవు. ఈ లెక్కలన్నీ పట్టించుకున్న మనుషుల్లో సోల్డ్ కథ నాకు ప్రత్యేకంగా అనిపించడానికి కారణం, ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు చాలా ఆలస్యంగా దొరకడం. అదీ ఒకేసారి దొరకలేదు.

బాల్టిమోర్‌లో రాత్రి బడి

హంగరీ నుంచి అమెరికా వలస వచ్చిన యూదు మతగురువు (రబ్బీ) బెంజమిన్ సోల్డ్‌కు ఎనిమిదిమంది కూతుళ్లు, కొడుకులు లేరు. పెద్దది హెన్రియెటా, 1860 డిసెంబర్ 21న బాల్టిమోర్‌లో పుట్టింది. తండ్రి ఆమెకు హీబ్రూ, మతగ్రంథాలు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు. అప్పటి యూదు ఇళ్లలో కొడుకులకు మాత్రమే చెప్పే చదువు అది. హైస్కూల్లో ఆమెదే మొదటి స్థానం. ఊళ్లోనే జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం కొత్తగా తలుపులు తెరిచింది, కానీ ఆడపిల్లలకు ప్రవేశం లేదు. దాంతో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటూ దాదాపు పదిహేనేళ్లు గడిపింది.

1881లో రష్యా జార్ రెండో అలెగ్జాండర్ హత్య తర్వాత అక్కడ యూదుల మీద మూకదాడులు మొదలయ్యాయి. ఓడల నిండా జనం అమెరికా రేవుల్లో దిగడం మొదలుపెట్టారు. బాల్టిమోర్ రేవుకు వచ్చినవాళ్లను రబ్బీ, పెద్దకూతురు వెళ్లి కలుసుకునేవారు. సోల్డ్ గమనించింది ఇదీ: వీళ్లలో బాగా చదువుకున్నవాళ్లున్నారు, తెలివైనవాళ్లున్నారు, కానీ ఇంగ్లీషు రాక కుట్టుపని కొట్లలో ఇరుక్కుపోతున్నారు. 1889లో ఒక దుకాణం మీది మేడగదిలో రాత్రి బడి తెరిచింది. పగలంతా పనిచేసి వచ్చినవాళ్లకు ఇంగ్లీషు, అమెరికా చరిత్ర నేర్పే బడి. యూదులు కానివాళ్లూ వచ్చి కూర్చునేవారు. 1898లో బాల్టిమోర్ నగరపాలక సంస్థ ఆ బడిని తన చేతిలోకి తీసుకునేనాటికి అయిదు వేల మందికి పైగా అక్కడ చదువుకున్నారు.

నగరం ఆ పని తానే చేస్తానని ముందుకు రాగానే ఆమె బడిని ఇచ్చేసి పక్కకు జరిగింది. తన పేరు తగిలించమని పట్టుబట్టలేదు. ఆమె జీవితంలో మళ్లీ మళ్లీ కనబడే పద్ధతి ఇదే, అందుకే దీన్ని ఇక్కడే గుర్తుపెట్టుకోమంటున్నాను. ఎక్కడో ఒక ఖాళీ కనిపిస్తుంది. చిన్నగా ఒక పని మొదలుపెట్టి, ఇది సాగుతుందని చేసి చూపిస్తుంది. చేయాల్సినవాళ్లు ముందుకొచ్చాక అప్పగించేస్తుంది. సంస్థ పెట్టిన చాలామందికి ఈ మూడోది చేతకాదు.

వెయ్యి డాలర్ల కార్యదర్శి

1893లో ఫిలడెల్ఫియాలోని యూదు ప్రచురణ సంస్థ ఆమెను ఏడాదికి వెయ్యి డాలర్ల జీతానికి పెట్టుకుంది. హోదా పేరుకు కార్యదర్శి. చేసింది సంపాదకుల పని: రాతప్రతులు చదవడం, జర్మన్ నుంచి అనువాదాలు, ప్రూఫులు, సూచికలు, పండిత రచయితలకు నచ్చజెప్పే ఉత్తరాలు, ఏటా వచ్చే అమెరికన్ యూదు వార్షిక గ్రంథం. ఇరవై మూడేళ్లు ఆ పని చేసింది. సంపాదకురాలు అని మాత్రం ఎవరూ పిలవలేదు.

1902లో తండ్రి పోయాడు. ఆయన రాతలు సరిచేసి ప్రచురించాలంటే తనకు మరింత పాండిత్యం కావాలనుకుంది. తల్లితో న్యూయార్క్ చేరి, రబ్బీలను తయారుచేసే జ్యూయిష్ థియొలాజికల్ సెమినరీలో చదువుతానంది. సరే అన్నారు, రబ్బీ పట్టా అడగనని మాటిచ్చాకనే. అక్కడే లూయీ గింజ్‌బర్గ్ పరిచయమయ్యాడు. యూదు ధర్మశాస్త్రం తల్మూద్‌లో గొప్ప పండితుడు, ఆమెకంటే పదమూడేళ్లు చిన్న. యూదు పురాణగాథలను కూర్చి అతను జర్మన్‌లో రాస్తుంటే ఆమె ఇంగ్లీషులోకి తెచ్చేది. ఏళ్లు గడిచాయి. ఆమె మనసు ఎటు మళ్లిందో చుట్టుపక్కలవాళ్లకు అర్థమైంది. అతనికి అర్థం కాలేదో, కానట్టు ఉండిపోయాడో. 1908లో యూరప్ వెళ్లి, అక్కడ ఒక యువతితో పెళ్లి నిశ్చయం చేసుకుని తిరిగొచ్చాడు.

ఆ దెబ్బకు సోల్డ్ కుప్పకూలింది. కళ్లు కూడా సరిగా పనిచేయని స్థితికి వచ్చింది. ఆ రోజుల్లో ఆమె రాసుకున్న డైరీ చాలా దశాబ్దాల తర్వాత అచ్చయింది. ప్రచురణ సంస్థ ఆరు నెలలు సెలవిచ్చి పంపింది. తల్లీకూతుళ్లు యూరప్ మీదుగా పాలస్తీనా వెళ్లింది ఆ సెలవులోనే.

ఆమె జీవితకథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడ ఒక సులువైన దారి పట్టుకుంటారు: ప్రేమ విఫలమైంది, ఆ గాయంలోంచి సేవ పుట్టింది అని. మగవాడు సంస్థ పెడితే దార్శనికుడంటారు, ఆడమనిషి పెడితే గుండెలో గాయం వెతుకుతారు. ఆ గాయం ఆమెకు ఇచ్చింది ఓడ టికెట్టు మాత్రమే. యాఫాలో రెండు బడులు చూసి మధ్య ఉన్న తేడా ఒక నర్సే అని పట్టుకోగలిగిన చూపు మాత్రం రాత్రి బడి నడిపిన ఏళ్లలో వచ్చింది. కమిటీలను, చందాలను, పండితుల అలకలను సంబాళించే ఓపిక ప్రచురణ సంస్థ బల్ల దగ్గర వచ్చింది. ఆ వీధిలో అంతకుముందు నడిచిన యాత్రికులు ఎందరో. వాళ్లూ ఈగలను చూశారు.

మేయా షెయరీమ్‌లో అద్దె ఇల్లు

1912 ఫిబ్రవరి 24న న్యూయార్క్‌లోని టెంపుల్ ఇమాన్యుయెల్ ప్రార్థనాలయంలో కొద్దిమంది స్త్రీలు సమావేశమయ్యారు. పూరిమ్ పండుగ దగ్గరపడిన రోజులు. ఆ పండుగకు నాయిక ఎస్తేరు రాణి, ఆమె హీబ్రూ పేరు హదాసా. సంస్థకు ఆ పేరే నిలిచిపోయింది. సోల్డ్ అధ్యక్షురాలైంది.

అప్పటికి జెరూసలేంలో యూదు దానధర్మాలకు కొదవ లేదు. యూరప్ నలుమూలల నుంచి చందాలు వచ్చేవి, ఏ దేశం నుంచి వచ్చిన డబ్బు ఆ దేశం నుంచి వచ్చినవాళ్లకు పంచేవారు. చాలా కుటుంబాలు ఆ పంపకం మీదనే బతికేవి. సోల్డ్‌కు ఆ పద్ధతి గిట్టలేదు. డబ్బు పంచడం కాదు, శిక్షణ పొందిన మనిషిని పంపాలి అన్నది ఆమె పట్టుదల. న్యూయార్క్ ఈస్ట్‌సైడ్ పేద వాడల్లో లిలియన్ వాల్డ్ అప్పటికే హెన్రీ స్ట్రీట్ కేంద్రం నుంచి ఇంటింటికీ తిరిగే నర్సులను పంపుతోంది. వాల్డ్ కూడా యూదు స్త్రీయే. ఆ నమూనానే జెరూసలేంకు పట్టుకెళ్లాలనుకున్నారు.

మేసీస్ దుకాణాల యజమానుల్లో ఒకడైన నేథన్ స్ట్రాస్, ఆయన భార్య లీనా ప్రయాణం ఖర్చులు భరిస్తామన్నారు. ఒకటే షరతు: కొద్ది రోజుల్లో మా ఓడ బయల్దేరుతుంది, నర్సులు మాతోనే రావాలి. హదాసా చేతిలో అప్పటికి డబ్బు ఇంకా అంతంతమాత్రం. అయినా 1913 జనవరిలో రోజ్ కాప్లన్, రేచల్ లాండీ అనే ఇద్దరు నర్సులు ఓడ ఎక్కారు. జెరూసలేంలో మేయా షెయరీమ్ అనే ఛాందస యూదుల పేటలో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని బోర్డు పెట్టారు. బడిపిల్లల కళ్లకు మందు, కాన్పులకు సాయం. పని ఇంతే. ప్రపంచయుద్ధం ఆ పనిని రెండేళ్లకే ఆపేసింది. రోజ్ కాప్లన్ అలెగ్జాండ్రియాలోని శరణార్థుల శిబిరాల్లో పనిచేస్తూ 1917లో కన్నుమూసింది.

1918లో హదాసా ఈసారి నలభై మందికి పైగా డాక్టర్లను, నర్సులను, దంతవైద్యులను, మందుల పెట్టెలతో సహా పంపింది. అదే ఏడు జెరూసలేంలో నర్సుల శిక్షణ బడి తెరిచారు. 1921లో పాతనగరంలో తల్లీబిడ్డల కేంద్రం మొదలైంది. కాచి చల్లార్చిన పాల సీసాలను గాడిదల మీద వేసుకుని ఇరుకు సందుల్లో ఇళ్లకు చేర్చేవారు. ఇప్పటికీ ఇజ్రాయెల్‌లో చంటిపిల్లల ఆరోగ్యకేంద్రాలను ‘పాలచుక్క’ అనే పిలుస్తారు. వైద్యం యూదులకే అన్న నియమం పెట్టుకోలేదు, అరబ్ తల్లులూ వచ్చేవారు. ఇక ఆసుపత్రుల సంగతి. టెల్ అవీవ్‌లో తాము నడిపిన ఆసుపత్రిని 1931లో ఆ నగరపాలక సంస్థకు అప్పగించేశారు. బాల్టిమోర్ రాత్రి బడి పద్ధతే.

‘మా అమ్మకు కొడుకులు లేరు’

1916 ఆమె జీవితంలో పెద్ద ఏడాది. తల్లి సోఫీ పోయింది. యూదు సంప్రదాయంలో తల్లిదండ్రులు పోయాక పదకొండు నెలలపాటు రోజూ ప్రార్థనాలయంలో కద్దిష్ అనే ప్రార్థన చెప్పాలి. చెప్పాల్సింది కొడుకు. కొడుకు లేకపోతే మరో మగవాడిని పెట్టుకుంటారు. కొడుకు లేని ఇంట్లో తలకొరివి ఎవరు పెట్టాలన్న తర్జనభర్జన మనకు కొత్త కాదు కాబట్టి ఆ ఇంటి వాతావరణం ఊహించుకోవడం కష్టం కాదు. కుటుంబ మిత్రుడు హయిమ్ పెరెట్జ్ మంచి మనసుతో ముందుకొచ్చాడు, మీ అమ్మకోసం నేను చెబుతాను అని.

సోల్డ్ అతనికి రాసిన జవాబు యూదు స్త్రీల చరిత్రలో నిలిచిపోయింది. ఉత్తరంలో కోపం లేదు. మీ మంచితనానికి నా మనసు కరిగింది, కానీ ఒప్పుకోలేను అంది. మా అమ్మానాన్నలకు ఎనిమిదిమంది కూతుళ్లం, ఒక్కరైనా మగపిల్లాడై ఉంటే బాగుండేదన్న మాట వాళ్ల నోట ఎన్నడూ వినలేదు అంది. నాన్న పోయినప్పుడు మా బదులు మరొకరు కద్దిష్ చెప్పడానికి అమ్మే ఒప్పుకోలేదు, ఇప్పుడు నేను ఒప్పుకుంటే అమ్మ మనసుకు వ్యతిరేకంగా నడిచినట్టే అంది. సంప్రదాయాన్ని తోసిపుచ్చలేదు, తన వాటా తనకివ్వమంది. ఒకరి తరఫున మరొకరు నెరవేర్చలేని విధులు కొన్ని ఉంటాయన్న నమ్మకం ఆ ఉత్తరంలో ఎంత గట్టిగా ఉందో, మేయా షెయరీమ్‌కు డబ్బు బదులు మనుషులను పంపాలన్న పట్టుదలలోనూ అంతే ఉంది.

అదే ఏడు జడ్జి జూలియన్ మ్యాక్, మరికొందరు మిత్రులు కలిసి ఆమెకు జీవితాంతం ఏటా కొంత మొత్తం వచ్చే ఏర్పాటు చేశారు. యాభై అయిదేళ్ల వయసులో మొదటిసారి, జీతం కోసం చేసే పని మానేసి సంస్థకే పూర్తిగా అంకితం కాగలిగింది. ఏదో ఒక మెరుపులాంటి క్షణం గురించి చెప్పుకున్నంతగా ఇలాంటి ఏర్పాట్ల గురించి ఎవరూ చెప్పుకోరు. నెలనెలా ఇంటి అద్దె ఎవరు కడుతున్నారన్న ప్రశ్న సేవాజీవితాల్లో ఎప్పుడూ ఉంటుంది, మర్యాద కోసం అడగం.

‘సామాన్లు సర్దుకోండి’ అనే వయసులో

1920లో పాలస్తీనా వెళ్లినప్పుడు రెండేళ్లుండి తిరిగొచ్చేద్దామనుకుంది. అప్పటికి యాభై తొమ్మిదేళ్లు. మధ్యలో కొంతకాలం అమెరికాలో ఉన్నా, మిగిలిన జీవితమంతా అక్కడే గడిచింది. యూదులకు పాలస్తీనాలో స్వదేశం కోరే జియోనిస్టు ఉద్యమం పాలస్తీనా కార్యవర్గంలోకి 1927లో ఎన్నికైన తొలి మహిళ ఆమె. విద్య, ఆరోగ్యం ఆమె చూసుకోవాలి. 1931లో యూదుల జాతీయమండలి సాంఘిక సంక్షేమం అప్పగించింది. దానధర్మాల స్థానంలో కుటుంబం కుటుంబాన్నీ విచారించి సాయం చేసే శిక్షిత కార్యకర్తలను తెచ్చిపెట్టడం ఆ శాఖలో ఆమె చేసిన పని. డెబ్బై దాటాక, ఇక చాలు, బాల్టిమోర్ వెళ్లి చెల్లెళ్ల దగ్గర ఉందామనుకుంది.

అప్పుడే బెర్లిన్ నుంచి ఒక ఆలోచన వచ్చింది. అది రేఖా ఫ్రాయర్‌ది. రబ్బీ భార్య, కవయిత్రి, ఉపాధ్యాయురాలు. 1932లోనే ఆమెకు అర్థమైంది, జర్మనీలో యూదు కుర్రాళ్లకు పనులు దొరకవు, భవిష్యత్తు లేదు అని. వాళ్లను బృందాలుగా పాలస్తీనాలోని సమష్టి వ్యవసాయక్షేత్రాలకు పంపితే అక్కడే చదువూ పనీ నేర్చుకుంటారన్నది ఆమె పథకం. దానికోసం పెట్టిన సంస్థ నమోదైన రోజు 1933 జనవరి 30. హిట్లర్ ఛాన్సలర్ అయింది ఆ రోజే.

ఫ్రాయర్ మొదట సాయం అడిగినప్పుడు సోల్డ్ కాదంది. పాలస్తీనాలోనే చూసే దిక్కులేని పిల్లలు వేలమంది ఉన్నారు, ఉన్నవాళ్లకే చాలని చోట తల్లిదండ్రులను వదిలి వచ్చే పిల్లలను ఎలా పెడతాం అన్నది ఆమె అభ్యంతరం. సంక్షేమశాఖ నడిపే మనిషి లెక్కగా చూస్తే అది సరైన మాటే. పడకలెన్ని, గురువులెందరు, రెండేళ్ల ఖర్చు ఎవరిది అని తేల్చుకోకుండా పిల్లలను రప్పించడం బాధ్యత కాదు. కానీ బెర్లిన్ లెక్క వేరు. ముందు ఏర్పాటు, తర్వాత పని అనే పద్ధతి ఆమెను అంతదూరం తెచ్చింది, ఇక్కడ అదే పద్ధతి అడ్డుపడింది.

1933 చివరికి ఆమె మనసు మార్చుకుని, పాలస్తీనా వైపు నిర్వహణంతా నెత్తికెత్తుకుంది. 1934 ఫిబ్రవరిలో మొదటి బృందం హైఫా రేవులో దిగి ఐన్ హరోద్ వ్యవసాయక్షేత్రానికి వెళ్లింది. రేవుకు వెళ్లి వాళ్లను ఎదుర్కొన్న సోల్డ్‌కు డెబ్బై మూడేళ్లు. అప్పటినుంచి పద్ధతి ఖరారైంది. బ్రిటిష్ ప్రభుత్వం నుంచి ప్రతి బిడ్డకూ ప్రవేశ పత్రం, పోషణ ఖర్చుకు హామీ, పగలు సగం పొలంపని సగం చదువు, ప్రతి బృందానికి ఒక పెద్దదిక్కు. క్షేత్రాల మధ్య ఆమె కారులో తిరుగుతూనే ఉండేది. అమెరికాలో హదాసా చందాలు పోగుచేస్తే, హాస్యనటుడు ఎడ్డీ కాంటర్ ఆ పనికి తన పేరు ప్రతిష్ఠలన్నీ ధారపోశాడు. 1939లో యుద్ధం మొదలయ్యేనాటికి దాదాపు అయిదు వేలమంది పిల్లలు చేరుకున్నారు. వాళ్లలో చాలామంది తల్లిదండ్రుల ఉత్తరాలు ఆ తర్వాత ఆగిపోయాయి.

ఒక గుంపు కథ మన ఉపఖండం మీదుగా నడిచింది. పోలండ్ నుంచి పారిపోయి సోవియట్ భూభాగమంతా తిరిగి అలసి, 1942లో టెహరాన్ చేరిన యూదు పిల్లలు. చాలామంది అనాథలు. ఇరాక్ తమ నేలమీంచి పోనివ్వనంది. దాంతో 1943 జనవరిలో వాళ్లను ఓడలో అప్పటి బ్రిటిష్ ఇండియాలోని కరాచీకి తెచ్చారు. అక్కడ కొన్నాళ్లుంచి, మరో ఓడలో సూయజ్‌కు, అక్కడినుంచి రైల్లో పాలస్తీనాకు చేర్చారు. ఫిబ్రవరి 18న అత్లిత్ స్టేషన్లో దిగినవాళ్లు ఏడువందల పైచిలుకు. రైలు దగ్గరకు ఊళ్లకు ఊళ్లే కదిలివచ్చాయి. వాళ్లమీద గొడవా రేగింది: ఈ పిల్లలను మతనిష్ఠ ఉన్న బడుల్లో పెంచాలా, లేని క్షేత్రాల్లోనా? పార్టీలన్నీ దిగాయి. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఎనభై రెండేళ్ల సోల్డ్ ఈ పంచాయితీని తీర్చాలి. మీ ఇంట్లో శనివారం ఎలా గడిచేది, నాన్న ఏం చేసేవాడు అని పిల్లలను విడివిడిగా విచారింపజేసింది, తానూ కూర్చుని విచారించింది. వచ్చిన తీర్పు అందరికీ తలా కొంత అసంతృప్తి మిగిల్చింది. మతపక్షాలు ఆమెను క్షమించలేదు.

ఫ్రాయర్ కూడా క్షమించలేదు. 1941లో నాజీల చేతికి చిక్కకుండా ఎలాగో పాలస్తీనా చేరితే, తాను కన్న ఉద్యమంలో ఆమెకు చోటు దొరకలేదు. సోల్డ్ ఇవ్వలేదు. నిబంధనలు పాటించని మనిషి అన్న అభిప్రాయం మనసులో ఉండి ఉండొచ్చు. పిల్లలను తప్పించడానికి ఫ్రాయర్ నిజంగానే నిబంధనలు దాటింది. దశాబ్దాల తర్వాత, 1981లో ఫ్రాయర్‌కు ఇజ్రాయెల్ ప్రైజ్ వచ్చింది. ఈలోగా ఆ ఉద్యమానికి తల్లి ఎవరంటే జనం సోల్డ్ పేరే చెప్పడం అలవాటు చేసుకున్నారు. తన పని ఇతరులకు అప్పగించడంలో అంత ఉదారంగా ఉన్న మనిషి, పక్కవాళ్ల పని తన పేరున చేరుతుంటే ఆపలేదు. ఆమెను దేవతను చేసే పుస్తకాలు ఈ పేజీని త్వరగా తిప్పేస్తాయి.

గెలవని వాదన

ఇంకో విషయం చెప్పకుండా ఈ రోజుల్లో ఆమె గురించి రాయడం కుదరదు. ఆమె జియోనిస్టు, అందులో సందేహం లేదు. కానీ ఆ నేలమీద అరబ్బులు ఉన్నారనీ, వాళ్లతో న్యాయంగా ఉండటమే తన జాతికి అసలు పరీక్ష అనీ అంటుండేది. 1929 అల్లర్లలో హెబ్రోన్‌లో యూదులను ఊచకోత కోసినప్పుడు అరబ్బులకూ వైద్యం అందించిన హదాసా వైద్యశాలనూ ధ్వంసం చేశారు. అయినా ఆమె అభిప్రాయం మారలేదు. 1942లో రబ్బీ జుడా మాగ్నెస్, తత్వవేత్త మార్టిన్ బూబర్‌లతో కలిసి ఇహుద్ అనే సంఘంలో చేరింది. యూదులకూ అరబ్బులకూ సమాన హక్కులుండే ఒకే రాజ్యం వాళ్ల కోరిక. సొంత సంస్థ హదాసా నాయకులకే ఇది మింగుడుపడలేదు. అరబ్ నాయకత్వంలోనూ చేయి కలిపినవాళ్లు దాదాపు లేరు.

1948 ఏప్రిల్ 9న దేర్ యాసిన్ అనే అరబ్ పల్లెలో యూదు సాయుధ దళాలు వందమందికి పైగా గ్రామస్థులను చంపాయి. నాలుగు రోజులకు స్కోపస్ కొండమీది హదాసా ఆసుపత్రికి వెళ్తున్న వాహనాలపై అరబ్ సాయుధులు దాడిచేసి డెబ్బై మందికి పైగా చంపారు. చనిపోయినవాళ్లలో ఆసుపత్రి డైరెక్టరు, డాక్టర్లు, నర్సులు ఉన్నారు. ఆ ఏడాది లక్షలమంది పాలస్తీనియన్లు ఇళ్లు వదిలిపోయారు. వీటిలో ఏదీ చూడకుండా సోల్డ్ వెళ్లిపోయింది. 1945 ఫిబ్రవరి 13న ఆ ఆసుపత్రిలోనే చనిపోయింది, ఎనభై నాలుగేళ్లకు. ఆమె సమాధి దగ్గర కద్దిష్ చెప్పింది టెహరాన్ మీదుగా వచ్చిన పిల్లల్లో పదిహేనేళ్ల కుర్రాడు. హీబ్రూ పంచాంగం ప్రకారం ఆమె పోయిన తిథిని ఇజ్రాయెల్ మాతృదినంగా జరుపుకుంది, ఇప్పుడు కుటుంబ దినమంటున్నారు. పెళ్లి కాని, బిడ్డల్లేని మనిషి తిథి. సొంత బిడ్డ ఒక్కరుంటే ఇదంతా ఇచ్చేసేదాన్నని ఆమె అన్నట్టు చెబుతారు.

ఇలా ఆలస్యంగా దారి దొరికినవాళ్లు యూదు సంస్థల్లో ఆమె తర్వాతా ఉన్నారు. రూత్ మెసింజర్ 1997లో న్యూయార్క్ మేయర్ ఎన్నికలో రూడీ జూలియానీ చేతిలో ఓడిపోయింది. మరుసటి ఏడాది అమెరికన్ జ్యూయిష్ వరల్డ్ సర్వీస్ అనే సంస్థను నడపడానికి ఒప్పుకుంది. 2016 దాకా నడిపింది. 1985లో పుట్టిన ఆ సంస్థ యూదుల దగ్గర చందాలు తెచ్చి, ఎక్కువగా యూదులు లేనిచోట్ల పనిచేసే చిన్న చిన్న స్థానిక సంఘాలకు ఇస్తుంది. మనదేశంలో బాల్యవివాహాల మీద పనిచేసే బృందాలకూ ఇచ్చింది. సోల్డ్ మనుషులను పంపింది, వీళ్లు అక్కడున్న మనుషులకే డబ్బు అందించారు. నూరేళ్లలో పద్ధతి తలకిందులైంది. ఏది మేలని అడిగితే, అప్పట్లో అక్కడ శిక్షణ పొందిన నర్సులు చాలా తక్కువ, పంపక తప్పలేదు. ఇప్పుడు చాలాచోట్ల ఉన్నారు.

సోల్డ్‌కు ఎనభై ఏళ్లు నిండినప్పుడు హదాసా ఆమెకు కానుకగా డబ్బు పంపింది. దాన్ని పిల్లల, యువకుల సంక్షేమం కోసం ఒక నిధిగా మార్చింది. అప్పటికి పాలస్తీనాలో పిల్లలకోసం పనిచేసే సంస్థలు లెక్కకు మించి ఉన్నాయి. ఎవరు ఏం చేస్తున్నారో, చేస్తున్నదాంట్లో ఏది పనికొస్తోందో ఒకచోట తెలిసే ఏర్పాటు లేదు. ఆ నిధి ముందు ఆ సమాచారం సేకరించే పని పెట్టుకుంది. ఆమె పోయాక దానికి ఆమె పేరు పెట్టారు. సోల్డ్ ఇన్‌స్టిట్యూట్ జెరూసలేంలో విద్యాపరిశోధనా సంస్థగా ఎదిగింది.